కోపానికి చిరునామా ఉండాలి: పంక్ సంగీతాభిమానులకు కొన్ని తెలుగు పుస్తకాలు

తెలుగులో కోపం లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఈ వ్యాసం ఆ కోపంలోంచే పుట్టింది గనుక, చదువరులు ముందుగానే కొంత సహనం కూడగట్టుకోవలసిందిగా మనవి.

విషయమేమంటే, పంక్ అనే పాశ్చాత్య సంగీతధోరణి మీద నాకు అభిమానం. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి ఇదేమి పిచ్చి అని మా కమలాపురంలో కొందరు ముక్కున వేలేసుకుంటారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న పూర్వవిద్యార్థి ఒకడు వినిపించగా విన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకొని మాటలు తెలుసుకున్నాను. ఆ తరువాత మానలేకపోయాను. ఆ కుర్రవాడూ, వాని స్నేహితులూ సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను అడిగేది ఒకే ప్రశ్న: “సార్, తెలుగులో ఇట్లాంటిది ఒక్కటైనా ఉందా? బడిలో మాకు చెప్పినవన్నీ నీతులూ స్తోత్రాలే గదా?”

ఇక నా తోటి పండితమిత్రుల మాట వేరు. “ఆ అరుపులను సంగీతమంటారా? శ్రుతి లేదు, సాహిత్యం లేదు, మర్యాద మొదలే లేదు. ఈ వయసులో మీకెందుకండీ ఆ గోల?”

ఈ రెండు మాటలూ ఒకే అజ్ఞానానికి రెండు ముఖాలని నా వాదం. కుర్రవాడు తెలుగు చదవలేదు. పండితుడు చదివి కూడా, తనకు నచ్చనిదానిని చదవనట్లే ఉండిపోయాడు. ఇద్దరికీ కలిపి సమాధానం చెప్పాలి.

ముందు పండితునికి. పంక్ సంగీతం దేనికోసం పుట్టిందో చూడండి. 1976లో అమెరికాలో రమోన్స్ అనే బృందం తన మొదటి సంకలనాన్ని తెచ్చింది. పద్నాలుగు పాటలు, మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాలు. ఒక్కొక్క పాట మన హారతి పాటంత కూడా ఉండదు. 1977లో ఎలిజబెత్ రాణి సింహాసనారోహణపు రజతోత్సవాలు జరుగుతుండగా సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బృందం ఆ రాణి మీదనే పాట కట్టింది. బీబీసీ దానిని నిషేధించింది. అయినా అమ్మకాల పట్టికలో రెండవ స్థానానికి ఎక్కింది. అదే ఏడు ఇంగ్లండులో అభిమానులు సొంతంగా అచ్చువేసుకొన్న ఒక చిన్న పత్రికలో గిటారు మీద మూడు స్వరసంపుటులు ఎట్లా పట్టాలో బొమ్మగీసి, ఇవి చాలు, ఇక మీరూ ఒక బృందం పెట్టుకోండి అన్నారు. ఆ బొమ్మలోనే పంక్ సిద్ధాంతమంతా ఉన్నది. పాడటానికి అర్హతాపత్రం ఇచ్చేది ఎవరు? విద్వాంసుడా, వ్యాపారా, ప్రభుత్వమా? ఎవరూ ఇవ్వనక్కరలేదు, మా గొంతే మా అర్హత అని వాళ్ళ జవాబు.

మన శాస్త్రభాషలో చెప్పాలంటే ఇది ‘అధికారి’ ప్రశ్న. ఏ విద్యకు ఎవడు అధికారి అని మన గ్రంథాలు మొదటనే నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయాన్ని ధిక్కరించిన వాళ్ళు తెలుగులో లేరా? ఉన్నారు. వరుసగా చెబుతాను. కుర్రవాళ్ళు పేర్లు రాసుకోవచ్చు.

మొదటి పుస్తకం వేమన. నవ్వకండి. మీరు బడిలో చదివిన వేమన వేమన కాడు. ఉప్పుకూ కర్పూరానికీ పోలిక చెప్పి, మంచివారిని ఎట్లా గుర్తుపట్టాలో బోధించే ఆ పెద్దమనిషి వేమనలో ఒక చిన్న తునక మాత్రమే. రాతిని మొక్కేవానిని, కులం చూచి అన్నం పెట్టేవానిని, తీర్థాలు తిరిగి పుణ్యం మూటగట్టుకొనేవానిని, మంత్రం అమ్ముకొనే గురువును ముఖం మీదనే నిలదీసిన వేమన ఇంకొకడున్నాడు. పాఠ్యపుస్తకం వేసేవాళ్ళు ఆ రెండవవానిని గుమ్మం బయటనే నిలబెట్టారు. నేను పనిచేసిన ఒక పాఠశాలకు తనిఖీకి వచ్చిన ఒక అధికారి, కులం మీది వేమన పద్యాన్ని నల్లబల్ల మీద చూచి, “ఇవన్నీ పిల్లలకు ఎందుకు, సిలబసులో ఉన్నవి చెప్పండి” అన్నాడు. చెప్పవలసిన పద్యం ఏదో ఆ ఒక్క మాటతో నాకు మరింత స్పష్టమయింది.

ఇక ఛందస్సు సంగతి. వేమన ఎక్కువగా చెప్పింది ఆటవెలది. రెండవ పాదం, నాలుగవ పాదం అయిదేసి సూర్యగణాలు. సూర్యగణమంటే గలమో నగణమో, ఏదైనా మూడు మాత్రలే. అంటే మూడు మాత్రల దెబ్బ అయిదుసార్లు, ఆగకుండా. మొదటి, మూడవ పాదాలలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు వచ్చి ఊపిరి కాస్త సాగదీస్తాయి, వెంటనే మళ్ళీ ఆ దరువు. మూడు పాదాలలో విషయం, నాలుగవ పాదంలో మకుటం. మకుటం అంటే మీ భాషలో పాట చివర అందరూ కలిసి అరిచే పల్లవి. అర నిమిషంలో పద్యం అయిపోతుంది. రమోన్స్ కంటే పొదుపు! అక్షరం రానివాడు కూడా ఒకసారి వింటే పట్టుకొంటాడు. మూడు వందల ఏళ్ళకు పైగా ఆ పద్యాలు బతికింది ఆ బలంతోనే. రాజు పోషించలేదు, ఆస్థానం కాపాడలేదు.

పండితులు ఈ కవిని ఎంత పట్టించుకొన్నారో కూడా తెలుసుకోండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే కుంఫిణీ ఉద్యోగి 1820లో మా కడపకు వచ్చాడు. తెలుగు నేర్చి, వేమన తాళపత్రప్రతులు వెదకి తెప్పించి, ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో అచ్చువేయించాడు. మన కవిని మనకు అచ్చులో చూపించడానికి ఒక దొర కావలసివచ్చింది. ఇది గర్వపడవలసిన కథ కాదు. ఆయన కడపలో నివసించిన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల, నేడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉన్నది. కమలాపురంలో రైలెక్కితే కడప ఎంత దూరం? ఒకసారి వెళ్ళండి. వేమన పద్యాలతోపాటు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1928లో అనంతపురంలో చేసిన వేమన ఉపన్యాసాల పుస్తకం, ఎన్. గోపి గారి ‘ప్రజాకవి వేమన’ చదవండి. రాళ్ళపల్లి వారు మహాపండితులు, సంగీతశాస్త్రవేత్త. అంతటివాడు వేమనను నెత్తిన పెట్టుకొంటే, మన వీధి పండితులకు అభ్యంతరమేమిటో నాకు బోధపడదు.

రెండవ పుస్తకం పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’. 1939. నెల్లూరి సంపన్న కుటుంబానికి చెందిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి అనే యువకుడు చిన్నయసూరి వ్యాకరణాన్నీ, పద్యపు నడకనూ బాహాటంగా ఎగతాళి చేస్తూ, ఇంగ్లీషు మాటలను యథేచ్ఛగా కలిపి, పట్నపు వీధులనూ కోరికలనూ రాసిన పన్నెండు కవితలు. శ్రీశ్రీ దీనికి ముందుమాట రాశాడు. ‘బాలవ్యాకరణం’ నేను మొత్తం కంఠస్థం చేసినవాడిని. అందుచేత ఈ పుస్తకం నన్ను ఎక్కడ కొట్టిందో నాకు బాగా తెలుసు. నియమం తెలిసినవానికే దాని ఉల్లంఘనలోని రుచి తెలుస్తుంది. ఇందులో కోపం కంటే కొంటెతనం ఎక్కువ. పంక్‌లోనూ అంతే, కోపం వెనుక ఒక వెకిలి నవ్వు ఉంటుంది.

పఠాభి గురించి ఇంకొక మాట. ఆయన తరువాత కన్నడంలో ‘సంస్కార’ చిత్రాన్ని తీశాడు. అందులో నటించిన ఆయన భార్య స్నేహలతారెడ్డిని ఎమర్జెన్సీలో, 1976లో నిర్బంధించి బెంగుళూరు జైలులో పెట్టారు. ఉబ్బసంతో బాధపడుతున్న ఆమెను చివరి దశలో విడిచిపెట్టారు. 1977 జనవరిలో ఆమె మరణించింది. లండన్‌లో రాణి మీద పాట వెలువడిన సంవత్సరమే అది. అక్కడ పాట నిషేధింపబడింది. ఇక్కడ ప్రాణం పోయింది. తిరుగుబాటు అంటే లండన్ పేరు మాత్రమే తలచుకొనే కుర్రవాళ్ళు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకోవాలి.

మూడవది, మీరు వెదుకుతున్న అసలు పుస్తకం: దిగంబర కవుల మూడు సంపుటాలు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు. ఇవేవీ తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు. జానీ రాటన్ అనీ, సిడ్ విషస్ అనీ పేర్లు మార్చుకొన్నవాళ్ళను చూచి మురిసిపోయే మిత్రులారా, పదేళ్ళ ముందే మనవాళ్ళు ఆ పని చేశారు. కులాన్నీ వంశాన్నీ చాటే పేరును వదిలిపెట్టడం వేషం కోసం చేసిన పని కాదు. తమకంటూ వేరే ఋతువులు, వారాలు పెట్టుకొన్నారు. కవితలకు ‘దిక్’ అని పేరు పెట్టారు. మొదటి సంపుటాన్ని 1965 మేలో హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేశారు. రెండవదానిని 1966 డిసెంబరులో విజయవాడలో ఒక హోటలు కార్మికుడు, మూడవదానిని 1968లో విశాఖపట్నంలో బిచ్చమెత్తుకొనే ఒక స్త్రీ ఆవిష్కరించారు. మంత్రిగారు రానిదే పుస్తకావిష్కరణ జరగని మన సభాసంప్రదాయానికి అది చెంపపెట్టు.

అట్లాగని వారిని గుడ్డిగా మెచ్చుకోమని నేను చెప్పను. ఆ సంపుటాలలో స్త్రీ శరీరాన్ని సమాజపు కుళ్ళుకు ఉపమానంగా వాడిన చోట్లు అనేకం. కుళ్ళిన వ్యవస్థను తిట్టబోయి, ఆ వ్యవస్థ ఎవరిని తొక్కిందో వారినే మళ్ళీ బురదలోకి లాగడం కవిత్వదోషం మాత్రమే కాదు, ఆలోచనాదోషం. వేమనలోనూ స్త్రీలను నిందించిన పద్యాలున్నాయి. వాటినీ ఇదే తక్కెడలో తూచాలి. పంక్‌లోనూ ఈ రోగం ఉండేది. పెద్దలను ఉడికించడానికని నాజీల స్వస్తిక చిహ్నాన్ని చొక్కాల మీద వేసుకొని తిరిగారు. ఉడికించడమే లక్ష్యమైతే కోపం అక్కడికే వచ్చి ఆగుతుంది. చిరునామా లేని ఉత్తరం ఎక్కడికీ చేరదు. చిరునామా తప్పు రాస్తే పాపం తెలియని ఇంట్లో పడుతుంది.

అయితే ఆ రెండు ధోరణులూ అక్కడే ఆగిపోలేదు. ఇంగ్లండులో జాతివివక్షకు వ్యతిరేకంగా 1976లో సంగీతకారుల ఉద్యమం ఒకటి మొదలై, 1978 ఏప్రిల్‌లో లండన్ విక్టోరియా పార్కులో పెద్ద సభ జరిపింది. క్లాష్ బృందం అక్కడ పాడింది. ఇక్కడ దిగంబర కవులలో పలువురు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలోకి వెళ్ళారు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం కింద జైలులో పెట్టారు. ఆ రాజకీయాలతో మీరు ఏకీభవించనక్కరలేదు. నేనూ అన్నిటితో ఏకీభవించను. కాని మాటకు మూల్యం చెల్లించారా లేదా అన్నది చూడాలి. చెరబండరాజు నా వంటి తెలుగు ఉపాధ్యాయుడే. 1982లో ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు. ‘తెలుగు అయ్యవారు’ అనగానే శాలువా, దండ, సన్మానపత్రం గుర్తుకువచ్చేవారు ఆయనను కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి.

నాల్గవది జాషువ ‘గబ్బిలం’. 1941. ఇది వినగానే కుర్రవాళ్ళు పెదవి విరుస్తారు, పద్యాలు గదా అని. అక్కడే మీ పొరపాటు. గుడిలోకి తనను రానివ్వని లోకంలో, గుడి కప్పుకు వేలాడే గబ్బిలానికి మాత్రం అడ్డులేదని గుర్తించి, తన మొరను కాశీలోని శివునికి చేర్చమని దానిని దూతగా పంపుతాడు ఒక అస్పృశ్యుడు. కాళిదాసు మేఘాన్ని పంపిన మార్గమే. విరహవేదన ఉన్నచోట ఆకలివేదన పెట్టాడు. అగ్రవర్ణాలు తమ సొత్తుగా భావించిన కావ్యరూపాన్నీ ఛందస్సునూ చేతబట్టుకొని, దానితోనే కొట్టాడు. క్లాష్ వారి ‘లండన్ కాలింగ్’ 1979లో వచ్చింది. దాని అట్టను ఒకసారి చూడండి. ఎల్విస్ ప్రెస్లీ మొదటి సంకలనపు అట్టమీది అక్షరాల తీరునూ రంగులనూ తీసుకొని, నడుమ గిటారును నేలకేసి కొడుతున్న మనిషి బొమ్మ పెట్టారు. పాత రూపం లోపల కొత్త దెబ్బ. జాషువ ఆ పని ముప్పై ఎనిమిదేళ్ళ ముందు చేశాడు. పద్యం పాతదనేవారు ఈ పుస్తకం చదివిన తరువాత నాతో వాదానికి రావచ్చు.

అయిదవది, ఆరవది జంటగా చదవవలసినవి. ‘నీలిమేఘాలు’, 1993, ఓల్గా గారి సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం. ‘చిక్కనవుతున్న పాట’, 1995, జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కూర్చిన దళిత కవితల సంకలనం. బికినీ కిల్ వంటి బృందాలు అమెరికాలో ఆడపిల్లలను వేదిక ముందు వరుసకు రమ్మని పిలిచిన కాలమే అది. దిగంబర కవుల దోషానికి అసలైన జవాబు ‘నీలిమేఘాలు’లో ఉన్నది. వంటగది, పురిటిగది, పడకగది, ఇవన్నీ రాజకీయమేనని చెప్పిన గొంతులవి. ఇది బూతు అని అప్పట్లో గగ్గోలు పెట్టిన పండితులకు శృంగారనైషధం పాఠం చెప్పేటప్పుడు ఏ అభ్యంతరమూ కనిపించలేదు. పురుషుడు వర్ణిస్తే శృంగారం, స్త్రీ మాట్లాడితే బూతు అనే ఈ న్యాయం ఏ అలంకారశాస్త్రంలో ఉందో చూపించమని నా సవాలు.

ఏడవది మా ప్రాంతపు పుస్తకం, విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’. పాపాఘ్ని మా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కలుస్తుందని భూగోళంలో రాస్తారు గాని, ఏడాదిలో చాలా నెలలు ఇసుక ఇసుకలో కలవడమే చూస్తాము. నీరు లేని ఏటి మీద కావ్యం రాయడమే ఒక ధిక్కారం. రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల బతుకు అందులో కథ. రాయలు ఏలిన సీమ, రతనాలు రాశులు పోసిన సీమ అని వేదికల మీద ఊదరగొట్టే వారికి ఎండిన ఏటిని చూపించి, ఇది ఎందుకిట్లా ఉంది అని అడిగిన కావ్యం. అందులో అరుపు లేదు. గొంతు ఎండిపోయినవాడు అరవలేడు. నెమ్మదిగా మాట్లాడే కోపాన్ని కూడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

చివరిది రాచమల్లు రామచంద్రారెడ్డి గారి ‘సారస్వత వివేచన’. విమర్శ గ్రంథం. రారా మా కడప జిల్లావాడు. 1968లో కడప నుంచి ‘సంవేదన’ అనే త్రైమాసికాన్ని నడిపాడు. వెలువడింది కొన్ని సంచికలే. అవి ఈనాటికీ సాహిత్యలోకంలో చర్చకు వస్తున్నాయి. చిన్న పత్రిక, సొంత సంపాదకత్వం, ఎంత పెద్దవాడినైనా మొహమాటం లేకుండా పరీక్షించడం. ఇంగ్లండులో కుర్రవాళ్ళు రాతప్రతులు నకళ్ళు తీసి పంచుకొన్న ఆ చిన్న పత్రికల స్ఫూర్తి ఇదే. ఒకటే తేడా: రారా భాష వజ్రం వలె కోసినట్లుంటుంది. అభిమానం ఉన్నచోట కూడా విమర్శ మానకూడదని ఆయనను చూచి నేర్చుకోవాలి. నేను దిగంబరులను గూర్చి పైన రాసినదానికి ధైర్యం ఆయన పుస్తకమే ఇచ్చింది.

ఇప్పుడు కుర్రవాళ్ళతో కొంచెం కటువుగా మాట్లాడాలి.

నాయనలారా, రమోన్స్ 1996లోనే చాలించుకొన్నారు. వారి చిహ్నం ఉన్న చొక్కాలు మాత్రం ఇప్పటికీ పెద్ద పెద్ద దుకాణాలలో అమ్ముడుపోతూనే ఉన్నాయి. వేసుకొన్నవాళ్ళలో పాట విన్నవాళ్ళెందరు? వేమనకు మేము విగ్రహం కట్టి దండ వేసి పద్యాన్ని మరిచిపోయినట్లే, వ్యాపారి మీ పంక్‌కు చొక్కా కుట్టి పాటను మరిపించాడు. తిరుగుబాటును చంపడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి నిషేధించడం, రెండవది అలంకారంగా మార్చడం. రెండవది మొదటిదానికంటే సులభం, లాభసాటి కూడా.

మీలో చాలామంది ఒక మాట అంటారు: “తెలుగు మాట్లాడతాం సార్, చదవడమే రాదు.” ఆ మాట విన్నప్పుడు నాకు కలిగే బాధ సంస్కృతి నశిస్తోందనే పాత పాట కాదు. ఆలోచించండి. మీరు చదవలేకపోయినా రామాయణం మీకు చేరుతుంది. సినిమాగా వస్తుంది, ధారావాహికగా వస్తుంది, ప్రవచనంగా వస్తుంది. సుమతీశతకం మీకు చేరుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి బట్టీ పట్టిస్తాడు. మీకు చేరనివి దిగంబర సంపుటాలు, ‘చిక్కనవుతున్న పాట’, ‘సంవేదన’ సంచికలు. వీటిని ఎవరూ సినిమా తీయరు, ఎవరూ ప్రవచనం చెప్పరు. అక్షరం పోతే ముందుగా పోయేది భాషలోని ఎదురుమాట. మిగిలేది వినయం నేర్పే భాగమే. అప్పుడు తెలుగులో నీతులూ స్తోత్రాలే ఉన్నాయన్న మీ మాట నిజమైపోతుంది. దానిని నిజం చేసినవారు మీరే అవుతారు.

యాభైయారు అక్షరాలు. గిటారు మీద మూడు స్వరసంపుటులు పట్టడానికి వేళ్ళు బొబ్బలెక్కేదాకా సాధన చేసినవాడికి ఇది ఒక నెల పని. ముందు వేమనతో మొదలుపెట్టండి, పద్యం చిన్నది. పైకి చదవండి, బల్ల మీద మూడు మాత్రల దరువు వేసుకుంటూ చదవండి. మీ గిటారు మీద కట్టుకొని పాడినా ఛందశ్శాస్త్రం ఏమీ అనదు. అన్నవాడెవడైనా ఉంటే నా దగ్గరకు పంపండి.

పండితమిత్రులకు కూడా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పిల్లలు తెలుగు చదవడం లేదని మీరు ప్రతి సభలోనూ వాపోతున్నారు. వాళ్ళకు కోపం ఉన్నది, దానికి మాటలు కావాలి. ఆ మాటలు మీ బీరువాలో ఉన్నాయి. తాళం తీయండి.